స్తోత్రం రాయి ఉన్న చోటు

మా మేనత్త పోయిందన్న కబురు పొద్దున నేను కాలేజీకి బయల్దేరుతుంటే వచ్చింది. బందరులో ఆవిడ అద్దెకుంటున్న ఇంటి యజమానురాలు ఫోను చేసింది. "టీచరుగారు ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారమ్మా. టీ ఇద్దామని తలుపు తోసి చూస్తే కిటికీ దగ్గర కుర్చీలోనే ఉన్నారు. కునుకు పట్టిందేమో అనుకున్నాను," అంది. కాసేపు ఏడ్చింది. తర్వాత గొంతు తగ్గించి, "కిటికీ అద్దానికి ఏదో పల్చటి కాయితం అంటించి ఉందమ్మా. తీసెయ్యమంటారా, మీరొచ్చేదాకా ఉంచమంటారా?" అని అడిగింది.

ఉంచమన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ చెప్పలేను.

గుడివాడ నుంచి బస్సులో వెళ్ళేసరికి ఆవిడని మంచం మీదికి మార్చి తెల్ల దుప్పటి కప్పారు. కిటికీ మీద ట్రేసింగు కాయితం అలాగే ఉంది. వెనక నుంచి ఎండ పడి పెన్సిలు గీత స్పష్టంగా కనిపిస్తోంది. కింద సముద్రం అంచున మొదలై, రెండు వంపులు తిరిగి, పైకి మా ఊరి వైపు వస్తూ మధ్యలో ఆగిపోయింది. పెన్సిలు కుర్చీ కింద దొరికింది. ఆ గీత ఆగిన చోటుకి అర్థం వెతకకూడదని అప్పుడే అనుకున్నాను. మనిషి పోయిన ఇంట్లో ప్రతిదీ ఏదో చెబుతున్నట్టే ఉంటుంది, చాలావరకు ఏమీ చెప్పదు. నాకు దేన్నీ గట్టిగా నమ్మడం చేతకాదు. నాలో అత్తయ్యకి నచ్చనిదీ అదే, తన పనికి నన్ను తోడు పిలవడానికి కారణమూ అదే.

ఆవిడ బందరులో ఆడపిల్లల హైస్కూల్లో సోషల్ టీచరుగా చేసి రిటైరయింది. పెళ్లి చేసుకోలేదు. నాన్న ఉద్యోగం గుడివాడ రైల్వేలో కాబట్టి నేను అక్కడే పెరిగాను, సెలవులన్నీ బందరులో గడిచాయి. ఆ ఇంట్లో ఆటవస్తువులు ఉండేవి కావు. తూర్పు కిటికీ ఉండేది. పాత పటం ఒకటి అద్దానికి ఆనించి, దాని మీద ట్రేసింగు కాయితం అంటించి, పొద్దుటెండలో నాచేత కాలువలూ ఒడ్డులూ గీయించేది. తర్వాత కొత్త పటం పెట్టి మళ్ళీ గీయించేది. ఆ రెండు కాయితాలూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవాలంటే రెండింట్లోనూ మారని గుర్తు ఒకటి దొరకాలి.

"ముందు కదలనిది పట్టుకోవే. కదిలింది దానంతటదే బయటపడుద్ది," అనేది.

మా వైపు అది తేలికైన పని కాదు. ఏటి పాయలు పక్కకి జరుగుతాయి, ఒడ్డు వెనక్కి తగ్గుతుంది, కట్టలు తెగుతాయి, ఊళ్ళే లేచిపోతాయి. చివరికి కాలువల మీద రాతితో కట్టిన పాత లాకులే దిక్కు. వాటి మీద వేలు పెట్టి, "ఇదిగో, దీన్ని మాత్రం ఎవడూ ఎత్తుకుపోలేదు," అని నవ్వేది.

పటాలు ఆవిడకి బడిలోనే దొరికాయి. స్టోరు రూముకి సున్నం వేయిస్తూ చెద పట్టిన గోడ పటాలన్నీ వరండాలో పారేశారట. అందులో గుడ్డకి అంటించిన దివి తాలూకా పటం ఒకటి ఉంది. దాన్ని ఇంటికి తెచ్చి చెదమట్టి దులిపి ఎండబెట్టింది. తర్వాత ఆఫీసుల చుట్టూ తిరిగి మా ఊరి గ్రామపటం నకలు సంపాదించింది. ఇంకొకటి కాలువలు చూపించే పటం, అది ఎవరో పాత ఇంజనీరు కుటుంబం ఇచ్చింది. వాటిని చుట్టి ప్లంబింగు పనికి వాడే ప్లాస్టిక్ గొట్టంలో పెట్టి, రెండు వైపులా మూతలు బిగించి, భుజాన వేసుకుని బస్సులెక్కేది. ఆటోవాళ్ళు, "బోరు పాడైందాండీ టీచరుగారూ?" అని అడిగేవాళ్ళు. "బోరు కాదు బాబూ, ఊరు," అని ఎక్కి కూర్చునేది.

మంగినపూడి బీచికి తీసుకెళ్తే అందరూ సముద్రం వైపు తిరిగి నిలబడేవాళ్ళం. ఆవిడ మాత్రం సముద్రానికి వీపు పెట్టి నేల వైపు చూస్తూ నిలబడేది. అలలు మడమల దాకా వచ్చినా తిరిగేది కాదు. చిన్నప్పుడు నాకది సిగ్గుగా ఉండేది, జనం చూస్తున్నారని. "అది ఎక్కడికీ పోదులే. నేల ఎంత మిగిలిందో చూసుకుంటున్నాను," అనేది.

ఆ వైపు పల్లె నుంచే వారానికోసారి చేపలు అమ్మే ఆమె వచ్చేది. తట్ట దించి, అరుగు మీద పరిచిన పటం చూసి ఓ రోజు, "ఇందులో మా ఊరేదండీ అమ్మగారూ?" అంది.

అత్తయ్య చూపించింది.

"ఇంతేనా! మా ఆయన నోరు ఇంతకన్నా పెద్దదండీ."

ఇద్దరూ కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వారు. ఆ నవ్వులోనే ఆమె వంగి, ఇంకో చోట వేలు పెట్టి, "మరి ఇదేంటండీ? నీళ్ళల్లో ఊరి గుర్తు పెట్టారు?" అంది. ఆమె చూస్తున్నది పాత పటం మీద అంటించిన కొత్త ఒడ్డు గీతని. ఊరి గుర్తు ఆ గీతకి అవతల పడింది.

"అప్పుడది నీళ్ళు కాదమ్మా," అంది అత్తయ్య.

ఆమె నవ్వు ఆపేసింది. తట్ట నెత్తికెత్తుకుని, "ఇట్టాంటియ్యి ఇంట్లో గోడకి తగిలించమాకండమ్మగారూ," అని వెళ్ళిపోయింది.

మా ఊరు దివిసీమలో అడుగున ఉంటుంది, అవనిగడ్డ దాటి, పెద్ద బస్సులు తిరిగిపోయే చోటు కూడా దాటాక. ఉప్పెన వచ్చినప్పుడు అత్తయ్య ఊళ్ళో లేదు, టీచరు ట్రైనింగు చదువుతూ హాస్టల్లో ఉంది. చిన్నప్పటి నుంచీ హాస్టళ్ళలోనే పెరగడంతో ఊరి చుట్టుపక్కలు ఆవిడకి పెద్దగా గుర్తులేవు. మా నాయనమ్మా, ఆవిడ చివరి పిల్లలిద్దరూ కొట్టుకుపోయారు. శవాలు దొరకలేదు. అప్పటికి కుర్రాడైన మా నాన్న, ఊళ్ళో మిగిలినవాళ్ళతో పాటు ఊరి పక్క మెరక మీదకెక్కి బతికాడు. ఆ మెరక మీద మోకాలెత్తు రాయి ఒకటుంది. రాత్రంతా ఒకరినొకరు పట్టుకుని, ఆ రాయిని పట్టుకుని, పాటలు పాడుతూ తెల్లవార్చారట. దాన్నే మావాళ్ళు స్తోత్రం రాయి అంటారు. నాన్న పోయేదాకా ఈ సంగతి ఎన్నడూ నోరెత్తి చెప్పలేదు. నాకు సండే స్కూల్లో చెప్పారు.

ఇప్పుడా రాయి చర్చి వెనక, సమాధుల తోటకి ముందు ఉంది. ఏటా ఉప్పెన రోజున ప్రతి ఇంటి నుంచీ ఒక ఆడమనిషి చెంబుడు మంచినీళ్ళు తెచ్చి దాని మీద పోస్తుంది. ఉప్పెన తర్వాత బతికినవాళ్ళకి తాగడానికి గుక్కెడు మంచినీళ్ళు లేవు, బావులన్నీ ఉప్పుబారాయి. ఆ దాహానికి గుర్తుగా ఆ నీళ్ళు. పోసేటప్పుడు పోయినవాళ్ళ పేర్లు చెప్పుకుంటారు. రాయి నెత్తిన, నడుమ నుంచి మూడు వైపులకి మూడు గాడులు చెక్కి ఉంటాయి. పోసిన నీళ్ళు ఆ గాడుల్లోంచి మూడు ధారలుగా జారతాయి. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అని పిల్లలకి చెప్తారు. నాకూ అట్లాగే చెప్పారు, చాలా ఏళ్ళు అట్లాగే నమ్మాను.

కొన్నేళ్ళ కిందట అలాంటి ఒక ఉప్పెన రోజున అత్తయ్య నీళ్ళు పోసి, పేర్లు చెప్పి, లేవకుండా అక్కడే కూర్చుండిపోయింది. ఒక గాడిలో వేలు పెట్టి చివరిదాకా జరిపింది. తర్వాత రెండోది, మూడోది. వెనక ఆడవాళ్ళు, "లెగండి టీచరుగారూ, మేమూ పొయ్యాలి," అంటున్నా వినపడలేదు. తిరుగు బస్సులో బందరు దాకా అరచేతిలో వేలితో మూడు గీతలు గీసుకుంటూ కూర్చుంది. ఇంటికి వెళ్ళగానే గొట్టం మూత తీసి గ్రామపటం పరిచింది.

"ఇది పొలిమేర రాయే. మూడు ఊళ్ళ హద్దులు కలిసే చోట సర్వేవాళ్ళు పాతిన రాయి. ఆ మూడు గాడులూ మూడు హద్దులు పోయే దిక్కులు."

"అయితే?"

"అయితే మూడు హద్దులు కలిసేది ఇక్కడ." ఆవిడ వేలు పటం కింది అంచున, సముద్రానికి దగ్గరగా ఆగింది. అక్కడ పాత ఊరూ, మెరకా ఉన్నాయి. "చర్చి ఉన్నది ఇక్కడ." వేలు చాలా పైకి వచ్చింది. ఇప్పటి మా ఊరు ఉన్న చోట ఆ పటంలో ఇళ్ళు లేవు. రెండు గీతల మధ్య ఒక పాయ, సముద్రం నుంచి పైకి పాకి, అక్కడ వెడల్పయి ఉంది.

నా అలవాటు కొద్దీ అన్నాను, "పటం గీసినవాడు మాత్రం తప్పు గీయకూడదా అత్తయ్యా?"

"గీయొచ్చు. అందుకే మూడు పటాలు తీసింది. ముగ్గురూ కూడబలుక్కుని ఒకే అబద్ధం ఆడరుగా."

మూడింట్లోనూ పాయ అక్కడే ఉంది.

సంగతి ఇది. ఉప్పెన తర్వాత మిగిలినవాళ్ళకి రోడ్డు పక్క కొత్త కాలనీ కట్టించి ఇచ్చారు. వాళ్ళు ఊరు మారుతూ తమని బతికించిన రాయిని బండి మీద వేసుకుని తెచ్చుకున్నారు. నేనైనా అదే చేసేదాన్ని. కానీ రాయితో పాటు మెరక రాలేదు. తెచ్చినవాళ్ళు ఒక్కొక్కరే పోయారు. తర్వాత పుట్టినవాళ్ళకి రాయి ఎక్కడుందో అదే మెరక, అక్కడే మన పెద్దలు బతికారు. అందుకే తుపాను హెచ్చరిక వచ్చినప్పుడల్లా మైకు వాళ్ళు ఎంత మొత్తుకున్నా మా ఊరివాళ్ళు పక్క ఊరి షెల్టరుకి వెళ్ళరు. రాయి చుట్టూ ప్లాస్టిక్ పట్టాలు కట్టుకుని కూర్చుని పాడతారు. ఇన్నేళ్ళలో వచ్చిన తుపానులన్నీ పక్కకి తప్పుకున్నాయి కాబట్టి రాయి మీద గురి ఇంకా పెరిగింది.

"ఎండిపోయిన పాయ అడుగున కూర్చుని మెరక మీదున్నామనుకుంటున్నారు," అంది అత్తయ్య. అప్పటి నుంచి ఆవిడకి వేరే పని లేకపోయింది.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు అయ్యగారి అనుమతి అడిగి, పటాలు చర్చి నేల మీద పరిచి అందరికీ చూపించింది. నేనూ వెళ్ళాను, మూలలు ఎగరకుండా పాటల పుస్తకాలు బరువు పెట్టడానికి. సంఘ పెద్ద మాకు బాబాయి వరస, అత్తయ్యకి చిన్నాన్న కొడుకు. ఉప్పెనప్పుడు చంకబిడ్డ. మంచివాడు, రొయ్యల చెరువులున్నాయి, ట్రాక్టరుంది, ఊళ్ళో ఎవరికి ఏ ఆపదొచ్చినా ముందుండేది ఆయనే. ఆవిడ చెప్పిందంతా చేతులు కట్టుకుని విన్నాడు.

"అయితే ఏంటక్కా, మన స్తోత్రం రాయి సర్కారు రాయంటావ్."

"రాయి ఎవరిదైనా ఒకటేరా. అది ఇక్కడిది కాదంటున్నాను."

"త్రిత్వం కూడా సర్వేవాడే చెక్కాడంటావ్." కొందరు నవ్వారు.

"తమ్ముడూ, నవ్వులాట కాదు. నీళ్ళొస్తే ముందు మునిగేది ఈ చోటే. షెల్టరుకి పోండి అంటున్నాను, అంతే. రాయిని నమ్మొద్దనట్లా."

"నన్ను చంకనేసుకుని మా అమ్మ ఈ రాయి పట్టుకునే బతికింది. నువ్వు కాయితం చూసి చెప్తున్నావ్." బాబాయి అక్కడితో ఆగితే బావుండేది. "ఆ రోజు నువ్వు లేవుగా అక్కా."

అత్తయ్య వంగి, పాటల పుస్తకాలు ఒక్కొక్కటే తీసి బెంచీ మీద సర్దింది. పటాలు వాటంతటవే చుట్టుకుపోయాయి.

ఆ రోజు ఉండి చూసిన పెద్దవాళ్ళలో అప్పటికి మాటాడగలిగే మనిషి ఒక్కతే మిగిలింది, ఊరందరికీ మామ్మ. చూపు ఆనదు. అత్తయ్య ఆవిడ మంచం పక్కన కూర్చుని ఎన్నోసార్లు అడిగింది, "పిన్నీ, రాయి ఎక్కడిది? బండి మీద తెచ్చారా?" అని. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఆ మాటెత్తమాకే అమ్మాయ్," అనేది. అంతకు మించి ఒక్క ముక్క రాలేదు. అత్తయ్య బలవంతం చేసేది కాదు. "చెప్పలేకపోవడం కూడా జవాబేలే," అంది నాతో. నాకు మాత్రం అది జవాబులా అనిపించలేదు. చెప్పడానికి ఏమీ లేనివాళ్ళు కూడా అట్లాగే నోరు మూసుకోవచ్చు కదా అనుకున్నాను.

తర్వాత ఒకసారి పాత మెరక చూపిస్తానని నన్ను తీసుకెళ్ళింది. ఆటో దిగి రొయ్యల చెరువుల గట్ల మీద చాలా దూరం నడిచాం. చెరువుల్లో గాలి కలిపే చక్రాలు నీళ్ళు చిమ్ముతున్నాయి, ఆ చప్పుడు వెనకబడ్డాక వేరే నిశ్శబ్దం మొదలైంది. మడ చెట్ల వేళ్ళు బురదలోంచి చేతివేళ్ళు చాచినట్టు నిలబడి ఉన్నాయి. మెరక అని ఆవిడ చూపించినది సగం కోసుకుపోయిన మట్టిదిబ్బ. కోతపడిన వైపు పెంకు ముక్కలు, ఒక రోలు అంచు మట్టిలోంచి బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. దిబ్బ నడినెత్తిన ఏదో పెకలించినట్టు ఒక గుంట. రాయి పీకిన గుంట అంది అత్తయ్య. నక్క తవ్వినదీ కావచ్చు అన్నాను. ఆవిడ కోప్పడలేదు.

తన తల్లి ఇల్లు ఎక్కడుండేదో చూపించమన్నాను. చెయ్యెత్తి నీళ్ళ వైపు చూపించింది.

మేం నిలబడి ఉండగానే పోటు మొదలైంది. దిబ్బ పక్కనున్న సన్నటి గాడిలోకి నీళ్ళు చప్పుడు లేకుండా వచ్చాయి. ఎర్ర పీతలన్నీ ఒక్కసారి బొరియల్లోకి దూరాయి. "ఇదే పాయ మూతి. పూడిపోయిందంటారు. ఏటేటా ఎంత పైకొస్తుందో చూసుకుంటున్నాను," అంది. తిరిగి వస్తూ దారి పొడుగునా చూపించింది. చేలో ఒక చార మాత్రం వరి ఎర్రబడి ఉంది. రోడ్డు ఒక చోట ఊరికే కాస్త కిందికి దిగుతుంది, సైకిలు తొక్కేవాళ్ళకే అది తెలుస్తుంది. తర్వాత తెల్లటి చౌడు, ఉప్పు చల్లినట్టు. ఆ చౌడు చార వెంట మేం నడుచుకుంటూ వెళ్తే చర్చి వెనక సమాధుల తోటలోకి చేరాం. స్తోత్రం రాయి మొదలు చుట్టూ కూడా నేల తెల్లగా ఉంది. "మంచినీళ్ళు పోసే చోట చౌడేంటే?" అంది. ఆ మాటకి నా దగ్గర అనుమానం దొరకలేదు.

పోవడానికి కొద్దివారాల ముందు చూడ్డానికి వెళ్తే, ఆవిడ టీలో బిస్కెట్టు ముంచుకుంటూ మామూలుగా, "నన్ను బందరులో పెట్టొద్దు. ఊళ్ళో పెట్టండి. రాయికి దగ్గరగా," అంది.

"వాళ్ళంత మాటన్నాక కూడానా?"

"తవ్వుతారుగా," అంది. బిస్కెట్టు తెగి టీలో పడిపోతే చెంచాతో వెతుక్కుంటూ కూర్చుంది.

ఆ మాట నాకు ఊళ్ళో, ఆవిడకి సమాధి గుంట తవ్వుతుంటే పక్కన నిలబడ్డప్పుడు మళ్ళీ వినపడింది. పైన రెండు మూడు పలుగుల లోతు దాకా మామూలు మట్టి వచ్చింది. తర్వాత నల్లటి బురద, కుళ్ళిన వాసన. తర్వాత గుల్లలు. పారకి తగిలి గరగరమన్నాయి. గంపల కొద్దీ పోశారు గట్టున, తెల్లగా, కొన్ని ఇంకా రెండు చిప్పలూ మూసుకునే ఉన్నాయి. పాడుతున్నవాళ్ళు పల్లవి దగ్గర తడబడ్డారు. ఎవరో, "పూర్వం ఇక్కడ సున్నం బట్టీ ఉండేదేమోలే, గుల్లలు తెచ్చి పోసుంటారు," అన్నారు. కావచ్చు. మా వైపు గుల్ల సున్నం కాల్చడం ఉన్నదే. ఆవిడ అందుకోసమే అక్కడ పెట్టమందా, చిన్నప్పటి మనుషుల మధ్య ఉండాలని అడిగిందా అన్నది కూడా నాకు తెలీదు. తెలుసని రాస్తే అత్తయ్య ఒప్పుకోదు.

ఒకటి మాత్రం చూశాను. అందరూ మట్టి వేసి పక్కకి జరిగాక బాబాయి వంగి, మూసుకున్న గుల్ల ఒకటి తీసి, పంచెకి తుడిచి, చొక్కా జేబులో వేసుకున్నాడు.

జ్ఞాపకార్థ కూడికకి మళ్ళీ ఊరు వెళ్ళాను. ఆ పొద్దుకే బందరు రేవులో ప్రమాద సూచిక ఎగరేశారని టీవీలో చెప్తున్నారు. వాయుగుండం ఎటు తిరుగుతుందో తెలియదన్నారు. గాలి లేదు. ఆకాశం రాగి చెంబు అడుగులా ఉంది. కాకులు కనిపించలేదు. మైకు కట్టిన ఆటో వచ్చి షెల్టరుకి వెళ్ళమని అరిచి పోయింది. జనం అలవాటుగా రాయి దగ్గర పట్టాలు పరవడం మొదలెట్టారు. పొట్లాలు విప్పుతున్నారు, పిల్లలు పరిగెత్తుతున్నారు. నేను ఏమైనా అనాలని నిలబడ్డాను. ఆ రోజు అత్తయ్యకి తగిలిన మాట నాకు ఇంకా ముందు తగులుతుంది కదా, నేనసలు పుట్టనే లేదు.

అప్పుడు బాబాయి ట్రాక్టరు తోలుకుంటూ వచ్చాడు. వెనక ట్రక్కులో గునపాలు, మోకు తాళ్ళు.

"లెగండి. రాయిని పెకలించండి."

"ఏంటి బాబాయ్, మతి పోయిందా?" అన్నాడు ఒకడు.

"షెల్టరుకి తీసుకెళ్తున్నా. రాయి దగ్గర ప్రార్థన చేసుకునేవాళ్ళు అక్కడికి రండి. లేదా ఇక్కడ ఒట్టి నేలకి పాడుకోండి."

"రాయినెవడైనా కదిలిస్తాడా?"

"నేను కదిలిస్తన్నా. పాపమేదన్నా ఉంటే నా ఖాతాలో రాసుకో. ముందు మోకు పట్టు."

నా పక్కకి వచ్చి, నన్ను చూడకుండానే, "మనిషి చెప్తే రారమ్మాయ్. రాయొస్తే వస్తారు," అన్నాడు.

వచ్చారు. తిట్టుకుంటూ, సణుక్కుంటూ, పొట్లాలు మళ్ళీ కట్టుకుంటూ వచ్చారు. మామ్మని ప్లాస్టిక్ కుర్చీతో సహా ఎత్తి ట్రక్కులో ముందే కూర్చోబెట్టారు. రాయిని పలకల మీద దొర్లించి పైకి లాగుతున్నారు. ఒక మోకు జారి రాయి ఒరిగింది. ఆ చప్పుడుకి మామ్మ ఉలిక్కిపడి అరిచింది.

"మెల్లిగా రా సచ్చినోళ్ళారా! అప్పుడూ ఇట్టాగే తొందరపడి బండి మీంచి దొర్లించారు. మా ఎద్దు కాలిరిగింది!"

మోకు పట్టుకున్నవాళ్ళు పట్టుకున్నట్టే ఆగిపోయారు.

"ఎప్పుడు మామ్మా?" అంది ఒక చిన్నపిల్ల.

మామ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బాబాయి చెయ్యి చొక్కా జేబు మీదికి వెళ్ళింది. కాసేపటికి, "ఊఁ, లాగండి," అన్నాడు, చాలా మెల్లగా. నేను తల తిప్పి అత్తయ్య సమాధి వైపు చూశాను. కొత్త మట్టి అప్పటికే కాస్త కుంగి ఉంది.

తుపాను మమ్మల్ని తాకలేదు. పైకి తిరిగి వేరే ఒడ్డున దాటింది. మాకు గాలీ వానా మాత్రమే. షెల్టరులో జనం ఇరుక్కుని, పులిహోర తిని, పాడి, పోట్లాడి, తెల్లారాక తేలిగ్గా ఊపిరి తీసుకున్నారు. అప్పటి నుంచి బాబాయికి ఎగతాళి తప్పలేదు. "రాయికి షికారు చూపించాడు," అన్నారు. "పెద్దాయన అక్క పిచ్చి అంటించుకున్నాడు," అని ఆయన వింటుండగానే అన్నారు. ఉప్పెన రోజు దగ్గర పడింది, రాయిని దాని చోట మళ్ళీ పెట్టాలని సంఘమంతా పట్టుబట్టింది. నేను ఆ రోజుకి మళ్ళీ వెళ్ళాను, నాయనమ్మ పేరు చెప్పడానికి. ఇప్పుడు ఆ పేరు చెప్పే పని నాదే.

ఆడవాళ్ళు చెంబులతో వరసగా నిలబడి ఉన్నారు. ట్రాక్టరు ట్రక్కులో రాయి, మూడు గాడులూ ఆకాశం వైపు. పెకలించిన చోట గుంట నిండా నీళ్ళు. వాన నీళ్ళేలెమ్మన్నారు. తోడిపోసి దింపేద్దాం అన్నారు. మూడు నాలుగు బకెట్లు తోడారు. వాళ్ళు బకెట్టు పక్కన పెట్టి నడుం పట్టుకునేలోపు గుంట మళ్ళీ అంతే నిండింది.

అంతలో ఎవరిదో మేక ఒకటి జనం కాళ్ళ మధ్యలోంచి వచ్చింది. గుంట అంచున ముందుకాళ్ళు ఆనించి నీళ్ళలో మూతి పెట్టింది. వెంటనే తీసేసి తల విదిలించింది. పక్కకి నడిచి, ట్రాక్టరు చక్రం పడిన గాడిలో నిలిచిన వాన నీళ్ళు తాగడం మొదలెట్టింది. తీరిగ్గా, తోక ఊపుకుంటూ చాలాసేపు తాగింది. చెంబులు పట్టుకున్న ఆడవాళ్ళందరూ దాన్నే చూస్తూ నిలబడ్డారు.

"దింపమంటావా బాబాయ్?" అన్నాడు ట్రక్కులో మోకు పట్టుకున్నవాడు.

బాబాయి ట్రాక్టరు మీదే కూర్చుని ఉన్నాడు. ఇంజను ఆపలేదు.